బోర్డు నిండా లక్ష్యాలు

జూలై రెండో సోమవారం దాకా తూమాటివారిపాలెం జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలకు ఏ కష్టమూ రాలేదు. వచ్చిన పిల్లలకు వచ్చేవి, రాని పిల్లలకు వచ్చేవి కావు, బడి మాత్రం ప్రశాంతంగా నడిచిపోయేది. ఆ సోమవారం పొద్దున పిల్లలు ప్రతిజ్ఞ చదువుతుండగా ప్రధానోపాధ్యాయురాలు వకుళాదేవి గారి ఫోను మూడుసార్లు మోగింది. వచ్చింది ఉత్తర్వు.

వకుళాదేవి గారికి ఇంకా ఎనిమిది నెలల సర్వీసు మిగిలి ఉంది. ముప్పై నాలుగేళ్లు ఎవరి నోటా పడకుండా నెట్టుకొచ్చిన మనిషి, ఈ ఎనిమిది నెలలు కూడా ఏ కాగితం మీదా తన పేరు ఎర్ర సిరాలో కనబడకుండా గడిచిపోతే చాలని ఆవిడ కోరిక. అందుకని ఏ ఉత్తర్వు వచ్చినా ముందు కళ్లకద్దుకునేవారు, చదవడం తర్వాత. ఇది మాత్రం మైకులోనే చదివి వినిపించారు.

రాష్ట్రంలో హైస్కూలు పిల్లలకు గణితం ఎందుకు రావడం లేదన్న విషయంపై ఉన్నతస్థాయి మేధోమథన సదస్సు ఐదు రోజులపాటు కూలంకషంగా చర్చించినదట. గణితం ఎందుకు నేర్చుకుంటున్నారో పిల్లలకు తెలియకపోవడమే అందుకు మూలకారణమని నిర్ధారణ అయినదట. కావున ఇకమీదట ప్రతి గణిత పాఠానికీ ముందు ఆ పాఠం యొక్క లక్ష్యమును నల్లబల్లపై రాసి, ఫొటో తీసి, 'లక్ష్యం' యాప్‌లో ఎక్కించవలెను. లక్ష్యము ప్రకటించకుండా గణితము బోధించుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణించబడును.

లెక్కల మాస్టారు దానియేలు ఇదంతా విని, ఇందులో తప్పేముందిలే అనుకున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా పాఠం చెబుతున్నవాడు, ఎందుకు చెబుతున్నాడో ఒక్క ముక్క రాయలేడా? పదో తరగతికి పోయి బోర్డు మీద ఎడమ మూల 'వాస్తవ సంఖ్యలు తెలుసుకొనుట' అని ఒక లైను రాసి, ఫొటో తీసి, పాఠం మొదలుపెట్టాడు. ఉత్తర్వులు అక్కడితో ఆగిపోతే ఈ కథ ఉండేది కాదు.

ఆ తరగతిలో పాతికమంది. కిటికీ పక్క బెంచీలో కూర్చునే అంకమ్మ విషయంలో మాస్టారికి ప్రత్యేకంగా ఒక బాధ్యత ఉంది. అంకమ్మకు రెండో తరగతి నుంచీ లెక్కల్లో సున్నాయే. ఎనిమిదేళ్లలో సున్నా వేసే మాస్టార్లు మారారు గానీ సున్నా మారలేదు. ఆ పిల్ల కూడా దాన్ని ఇంటి చుట్టంలా చూసుకునేది. పేపరు చేతికి రాగానే ఆ సున్నాకు రెండు కళ్లూ, ఒక మీసమూ పెట్టి దాచుకునేది. తల్లి వెంకాయమ్మ పొగాకు గ్రేడింగ్ షెడ్డులో ఆకు ఏరే పని చేస్తుంది. బడి తెరిచిన రోజున వచ్చి మాస్టారి ముందు నిలబడి, పిల్ల మార్చిలో లెక్కలు తప్పితే ఏప్రిల్ నుంచి షెడ్డులో తన పక్కన కూర్చోవలసిందేనని, అందులో తన తప్పేమీ లేదని చెప్పి వెళ్లింది. ముప్పై అయిదు మార్కులు తెప్పించే పూచీ తనదని దానియేలు మాస్టారు మాటిచ్చాడు. ఇచ్చేటప్పుడు ఉత్తర్వు రాలేదు మరి.

రెండో ఉత్తర్వు శుక్రవారం వచ్చింది. ఒక్క లైనులో లక్ష్యం రాయుట లక్ష్యమును అవమానించుటే అగునని, ప్రతి లక్ష్యానికీ కనీసం నాలుగు స్పష్టీకరణలు ఉండవలెననీ దాని సారాంశం. విద్యార్థి గుర్తిస్తాడు, విద్యార్థి జ్ఞప్తికి తెచ్చుకుంటాడు, విద్యార్థి పోల్చుతాడు, విద్యార్థి విచక్షణ చేస్తాడు. బోర్డులో సగం పోయింది. మూడో ఉత్తర్వు ప్రకారం జ్ఞానరంగంతోపాటు భావావేశ రంగం, మానసిక చలనాత్మక రంగం కూడా చేరాయి. అంటే విద్యార్థి వర్గసమీకరణాన్ని సాధించడమే కాదు, దాన్ని చూసి సంతోషించాలి, పెన్సిలు సరిగ్గా పట్టుకోవాలి. బోర్డులో ముప్పాతిక పోయింది. నాలుగో ఉత్తర్వు ప్రకారం పిల్లలు వాటన్నిటినీ ముక్తకంఠంతో చదవాలి. అయిదో ఉత్తర్వు ప్రకారం చూసి రాసుకోవాలి.

పీరియడు నలభై అయిదు నిమిషాలు. లక్ష్యాలు రాయడానికి పదిహేను, చదవడానికి పన్నెండు, హాజరుకు అయిదు. ఫొటో ఎక్కించడానికి పది పట్టేది, ఎందుకంటే ఆ బడిలో సిగ్నలు డాబా మెట్ల మీద తొమ్మిదో మెట్టు దగ్గర తప్ప రాదు. మాస్టారు తొమ్మిదో మెట్టు మీద చెయ్యి పైకెత్తి నిలబడి, ఫొటో ఎక్కాక దిగి వచ్చేసరికి మూడు నిమిషాలు మిగిలేవి. ఆ మూడు నిమిషాల్లో బోర్డు అడుగున జానెడు ఖాళీలో వంగి, చిన్న అక్షరాలతో ఒక లెక్క వేసేవాడు. పిల్లలు బెంచీలెక్కి చూసేవాళ్లు. ఆయన నడుముకూ లెక్కలకూ కూడా అదే ఆఖరి ఆసరా.

ఆ జానెడూ సెప్టెంబరులో పోయింది. లక్ష్య సాధన విభాగం నుంచి చిదానందం గారనే పర్యవేక్షణాధికారి తనిఖీకి వచ్చాడు. నిండుగా ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు సంచి, మాటలో ఎక్కడా తొందర లేదు. ఆయన బోర్డును ఎడమ నుంచి కుడికి దేవుడి పటాన్ని చూసినట్టు చూస్తూ వచ్చి, కింది మూల దగ్గర ఆగాడు.

"ఇదేమిటండీ?"

"లెక్క సార్" అన్నాడు మాస్టారు.

"దీని లక్ష్యం పైన కనబడడం లేదే."

"పైనున్న లక్ష్యాలన్నీ దీనివే సార్."

చిదానందం గారు నొచ్చుకున్నాడు. లక్ష్యం అనేది ఉన్నతమైనదనీ, దాన్ని ఒక్క లెక్కకు కట్టిపడేస్తే దాని విస్తృతి కుంచించుకుపోతుందనీ, పైగా లెక్క ఉన్నచోట పిల్లవాడి దృష్టి లక్ష్యం మీది నుంచి లెక్క మీదికి మరలే ప్రమాదం ఉందనీ చాలా ఓపికగా వివరించాడు. తర్వాత జేబురుమాలుతో ఆ లెక్కను తానే తుడిచాడు. పోతూ పోతూ పిల్లలకు పరీక్ష పెట్టాడు, లక్ష్యాల మీద. పాతికమందికీ పాతికకు పాతిక వచ్చాయి. అంకమ్మకు కూడా. బట్టీ పట్టడానికి ఆ పిల్లకేం తక్కువ?

సాయంత్రం బడి వదిలాక అంకమ్మ ఆ పేపరు పట్టుకుని స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది. ముఖం నిండా సంతోషం, దాని వెనక కాస్త అనుమానం.

"సార్, నాకిప్పుడు లెక్కలొచ్చినట్టేనా?"

వచ్చాయంటే అబద్ధం, రాలేదంటే ఆ పిల్ల ముఖంలో ఉన్న కాస్త వెలుగూ ఆరిపోతుంది. ఇంటికి వెళ్లి అమ్మకు చూపించమ్మా అని దానియేలు మాస్టారు మాట దాటవేశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

అయితే సర్కారు ఒక చేత్తో తీసుకున్నదాన్ని మరో చేత్తో, తెలియకుండానే, ఇస్తుంది. అక్టోబరులో నివేదికలు మొదలయ్యాయి. లక్ష్యాలు రాస్తే సరిపోదు, ఏ లక్ష్యం ఎందరు సాధించారో వారం వారం పద్నాలుగు గడుల ఫారంలో పంపాలి. ఏ లక్ష్యానికి ఎంత శాతం, అబ్బాయిలది ఎంత, అమ్మాయిలది ఎంత, పోయిన వారం కంటే పెరుగుదల ఎంత, నెలకు సరాసరి ఎంత, దానికి ఒక రేఖాచిత్రం. వకుళాదేవి గారు ఆ ఫారాల కట్ట మాస్టారి చేతిలో పెట్టి, శనివారానికి కావాలన్నారు.

మాస్టారు ఆ కట్టను ఒకసారి, ఉత్తర్వుల ఫైలును రెండుసార్లు చదివాడు. లక్ష్యం రాయకుండా పిల్లలకు లెక్కలు చెప్పకూడదని ఉంది గానీ, పిల్లలతో ఆఫీసు పని చేయించకూడదని ఎక్కడా లేదు. మర్నాడు తొమ్మిదో మెట్టు దిగి వచ్చి, పిల్లలకు తలా ఒక ఫారం పంచాడు.

"ఇది లెక్క కాదు. ఆఫీసు పని. జాగ్రత్తగా చెయ్యండి" అన్నాడు.

లెక్క కాదనేసరికి పిల్లలకు భయం పోయింది. మధ్యాహ్నం భోజనాల తర్వాత డ్రిల్లు పీరియడూ, ఖాళీ పీరియడూ కూడా ఆఫీసు పనికే పోయేవి. పాతికమందిలో పద్దెనిమిది మంది అంటే నూటికి ఎంత? నాలుగు వారాలవీ కలిపి నాలుగుతో భాగిస్తే ఎంత? అంకమ్మ మొదటి రెండు రోజులూ ఫారం వంక చూస్తూ కూర్చుంది. మూడో రోజు మాస్టారు పక్కన కూర్చుని, షెడ్డులో మీ అమ్మ ఏంచేస్తుందో చెప్పమన్నాడు. ఆకులు ఏరుద్ది సార్ అంది. ఎట్లా ఏరుతుందన్నాడు. వంద ఆకులు తీస్తే మేలురకం ఎన్నొచ్చాయో, పచ్చాకు ఎంతో, చిల్లులాకు ఎంతో చూసి, దాన్నిబట్టి మేస్త్రీకి చెప్పుద్దని అంది. పాతిక ఆకులే తీస్తే అన్నాడు. అంకమ్మ కాసేపు వేళ్లు చూసుకుంది.

"పాతికలో పద్దెనిమిది మంచివైతే, అట్టాంటి పాతికలు నాలుగేస్తే వంద. డెబ్బై రెండు." ఆగింది. "శాతమంటే ఇదేనా సార్? ఇది మా అమ్మ రోజూ చేసేదే."

"ఇదేనమ్మా" అన్నాడు మాస్టారు.

ఆ తర్వాత అంకమ్మను ఆపడం ఎవరి వల్లా కాలేదు. తరగతిలో ఏది కనిపించినా నూటికి ఎంతో చెప్పేది. సాంబారులో ముక్కలు నూటికి ఎన్నో, చిల్లుపడ్డ బెంచీలు నూటికి ఎన్నో, రోజుకు బడిలో ఉండే టీచర్లు నూటికి ఎందరో. చివరిది మాత్రం బయట అనొద్దని మాస్టారు చెప్పాడు. ఫారాల్లోని రేఖాచిత్రాల దగ్గర మొదలై, వాలు చూసి, పెద్ద బోర్డు కావాలని ఇండెంటు రాయడానికి వైశాల్యాలు కట్టి, ఆ బోర్డు పట్టే గోడ ఎత్తు నీడను బట్టి తేల్చి, నవంబరు అయ్యేసరికి పాతికమంది పిల్లలూ సగం సిలబసు ఆఫీసు పని కింద పూర్తిచేశారు.

కొంప ముంచింది కూడా ఆ అంకమ్మే. డిసెంబరు మొదట్లో లక్ష్య సాధన విభాగం ఆఫీసు నుంచి మండలం మొత్తానికి కలిపిన పట్టిక ఒకటి, ప్రతి బడీ సంతకం పెట్టి పంపమని, వచ్చింది. మండలంలో పదో తరగతి పిల్లలు ఆరువందల యాభై మంది. లక్ష్యాలు సాధించినవారు ఏడువందల రెండు మంది. సాధన నూట ఎనిమిది శాతం. వకుళాదేవి గారు అలవాటు ప్రకారం కళ్లకద్దుకుని సంతకం పెట్టి, ఆఫీసుకు వెళ్లే ఫైలులో పెట్టమని మాస్టారికి పంపారు. ఫైళ్లు సర్దే పని కూడా ఆఫీసు పనే కదా, అంకమ్మ చేతిలో పడింది. ఆ పిల్ల పట్టిక చివర పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది:

'సార్, ఇందులో నూటికి ఎనిమిది మంది ఎక్కువొచ్చారు. ఆ యాభై రెండు మంది ఏ ఊరోళ్లు?'

మాస్టారు చూడలేదు. కాగితం అలాగే ఆఫీసుకు పోయింది.

మూడో రోజున చిదానందం గారు స్వయంగా దిగాడు. ఆ యాభై రెండు మంది సంగతి ఆయన ఎత్తనే లేదు. లక్ష్యాలను అధిగమించినప్పుడు నూరు దాటడం సహజమేనని ఒక్క మాటలో తేల్చేశాడు. ఆయన ఆందోళన వేరు. వకుళాదేవి గారి గదిలో కూర్చుని ఆ పెన్సిలు గీతల మీద వేలు పెట్టి, ఈ విద్యార్థినికి శాతములు వచ్చునా అని అడిగాడు.

"చాలా బాగా వస్తాయి సార్" అన్నాడు మాస్టారు, మెచ్చుకుంటాడనుకుని.

"శాతములకు సంబంధించి ఈ తరగతిలో లక్ష్య ప్రకటన జరిగినట్టు యాప్‌లో నమోదు కాలేదు."

"ఫారాలు నింపుతూ వాళ్లంతట వాళ్లే నేర్చుకున్నారు సార్."

చిదానందం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అంటే లక్ష్యం ప్రకటించకుండానే అభ్యసనం జరిగిపోయినదన్నమాట అన్నాడు. ఇది ఒక్కరికేనా, తరగతి మొత్తానికా అని అడిగి, మొత్తానికేనని విని, కుర్చీలో వెనక్కి వాలాడు. లక్ష్యం తేదీ ముందు, సాధన తేదీ తర్వాత ఉండాలి. ముందే సాధించినదానికి తర్వాత లక్ష్యం రాద్దామంటే యాప్ తీసుకోదు. అసలు సాధనే చూపించకుండా ఉందామంటే పిల్లలకు వచ్చేసి కూర్చుంది. పాతికమంది పిల్లల బుర్రల్లో నమోదు కాని గణితం ఉందని పైకి తెలిస్తే బడి గుర్తింపు సంగతి అటుంచి, బాధ్యుడైన ఉపాధ్యాయుడి మీద సస్పెన్షన్ తప్పదు.

వకుళాదేవి గారు చీర కొంగుతో నుదురు తుడుచుకుని, దీనికి మార్గమేదైనా ఉందా సార్ అని అడిగారు. ఆఫీసులో మార్గం లేనిదేముంది? వారం రోజుల్లో రాతపూర్వకంగా వచ్చింది.

'సదరు విద్యార్థులు లక్ష్యరహితముగా పొందిన గణిత జ్ఞానమును తొలుత విస్మరింపజేసి, పిదప లక్ష్యమును ప్రకటించి, అదే జ్ఞానమును క్రమబద్ధముగా పునర్బోధన చేయవలెను. విస్మరణ వారము ముగియగానే తనిఖీ జరుగును. కనీసం తొంభై శాతం మంది విస్మరించినట్లు నిరూపణ కానిచో సదరు ఉపాధ్యాయునిపై చర్య తీసుకొనబడును.'

విస్మరణ వారానికి లక్ష్యాలు కూడా జతపరిచారు. విద్యార్థి శాతాన్ని గుర్తించడు. విద్యార్థి సరాసరిని జ్ఞప్తికి తెచ్చుకోడు. రెండింటినీ పోల్చమంటే విద్యార్థి విచక్షణ కోల్పోతాడు. వీటిని కూడా బోర్డు నిండా రాసి, చదివించి, తొమ్మిదో మెట్టు మీది నుంచి ఎక్కించాలి. ఏ పద్ధతిలో మరిపించాలో తెలియక మాస్టారు ఫోను చేసి అడిగాడు. ఆగమన పద్ధతి, నిగమన పద్ధతి ఉన్నట్టే ఇది నిర్గమన పద్ధతి అని, తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవడమే బోధనా సూత్రమని శిక్షణలో తమరు చదివే ఉంటారు గదా అని చిదానందం గారు జవాబిచ్చాడు.

విస్మరణ వారంలో తరగతిలోని పటాలన్నీ గోడవైపు తిప్పారు. ఎక్కాల పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు పొద్దున్నే లేచి నిలబడి, 'నేను శాతాన్ని గుర్తించను' అని ముక్తకంఠంతో చదివేవాళ్లు. అలా రోజుకు పన్నెండు నిమిషాలు చదివినకొద్దీ శాతం మరింత గట్టిగా గుర్తుండిపోయింది. అది గమనించిన మాస్టారు మూడో రోజున తలుపు దగ్గరగా వేసి, ఇదంతా అయ్యే పని కాదని, తనిఖీ రోజున ఏమడిగినా తెలవదని చెబితే చాలని పిల్లలతో అన్నాడు. పిల్లలకు పండగే అయింది. ఖాదర్‌వలీ అనే కుర్రాడు అప్పుడే నోరు తెరిచి, కళ్లు పైకి పెట్టి, సాధన మొదలుపెట్టాడు.

అంకమ్మ మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగింది.

"నేను తెలవదనలేను సార్."

ఒక్కరోజు అంటే చాలని, తర్వాత మామూలేనని మాస్టారు నచ్చజెప్పబోయాడు. తన ఉద్యోగం సంగతి నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాడు. పిల్లకు ఆ సంగతి ముందే తెలుసు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఎనిమిదేళ్లు తెలవక తెలవదన్నాను. ఇప్పుడు తెలిసి కూడా తెలవదంటే, మళ్లీ నిజంగానే పోద్దేమోనని భయంగా ఉంది సార్."

దానియేలు మాస్టారికి తల కొట్టేసినట్టయింది. లెక్కలు వచ్చేలా చూస్తానని పూచీ పడ్డవాడు, వచ్చిన లెక్కలను రాలేదని చెప్పమని బతిమాలుకుంటున్నాడు. పైగా ఆ బతిమాలడం తన ఉద్యోగం కోసం. నీకెలా తోస్తే అలా చెప్పమ్మా అనేసి ఇంటికి పోయాడు.

తనిఖీ శనివారం. చిదానందం గారు కుర్చీ వేయించుకుని, ఒడిలో రిజిస్టరు పెట్టుకుని, ఒక్కొక్కరినే లేపి, సగం అంటే నూటికి ఎంత అని అడిగాడు. పిల్లలు అద్భుతంగా మరిచిపోయారు. ఒకమ్మాయి బుర్ర గోక్కుంది. ఒకబ్బాయి 'నిన్నటిదాకా ఉండేది సార్' అన్నాడు. ఖాదర్‌వలీ మరీ ముందుకుపోయి, "నూరంటే ఏంది సార్?" అని అడిగాడు. చిదానందం గారు పొంగిపోయి, ఇది లక్ష్యాన్ని మించిన సాధన అని ప్రత్యేకంగా రాసుకున్నాడు. వకుళాదేవి గారి పెదాలు కదులుతున్నాయి, దేవుణ్ణి తలుచుకుంటున్నారు కాబోలు.

చివరికి అంకమ్మ లేచింది.

"యాభై సార్" అంది. "తమరు మర్చిపొమ్మన్నారు. నాకు పోవట్లేదు సార్."

చిదానందం గారు రిజిస్టరులో ఆ పేరుకు ఎదురుగా ఎర్ర గీత గీసి, మొత్తం పాతికమందిలో విస్మరించినవారు ఇరవై నలుగురు అని పైకే చదువుకున్నాడు. శాతం గడి దగ్గర కలం ఆగింది. ఫోను తీశాడు. ఫోనులో 'లక్ష్యం' యాప్ ఫొటోలు ఎక్కిస్తూ గుండ్రంగా తిరుగుతోంది. అది తిరిగినంతసేపూ ఇంకేదీ తెరుచుకోదు. కాసేపు తట్టాడు, ఊపాడు. తొమ్మిదో మెట్టు సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. వకుళాదేవి గారు తెలుగు టీచరుగా వచ్చి ప్రధానోపాధ్యాయురాలైనవారు, ఆవిడ నేల చూస్తున్నారు. ఆయన లెక్కల మాస్టారి వైపు తిరిగి, ఎంతండీ అని మెల్లగా అడిగాడు.

"బోర్డు మీద ఆ లక్ష్యం లేదు సార్. నేను చెప్పకూడదు" అన్నాడు దానియేలు మాస్టారు వినయంగా.

ఇరవై నలుగురు పిల్లలు పెదాలు గట్టిగా మూసుకుని దూలాలు లెక్కపెడుతున్నారు. చిదానందం గారు కలం మూత కొరుకుతూ ఏదో గొణుక్కుంటున్నాడు, ఇరవై నలుగురిని పాతికతో, కాదు పాతికను ఇరవై నలుగురితో. అంకమ్మకు తన ముఖంలోకి ఎనిమిదేళ్లపాటు ఎవరెవరు ఎలా చూశారో గుర్తొచ్చిందేమో, ఆ పిల్ల ముఖంలో వెక్కిరింత లేదు, జాలి ఉంది. నిలబడే ఉంది గదా, అలాగే చెప్పింది.

"తొంభై ఆరు సార్. పాతికలు నాలుగైతే నూరు. ఇరవై నాలుగులు నాలుగైతే తొంభై ఆరు. మీరు కంగారు పడమాకండి, మొదట్లో నాకూ రాలేదు."

చిదానందం గారు ఆ పిల్ల వంక ఒక క్షణం చూశాడు. రిజిస్టరు వంక చూశాడు. గడిలో తొంభై ఆరు అని రాశాడు. రాశాక ముఖం విప్పారింది, ఎందుకంటే కావలసింది తొంభైయే. విస్మరణ వారం విజయవంతమైనదని, మాస్టారిపై చర్యలు విరమించుకొనడమైనదని అక్కడికక్కడే ప్రకటించాడు. జిల్లాలో మరే బడీ పిల్లల చేత ఇంత పెద్ద ఎత్తున మరిపించలేకపోయిందట. మిగిలిన నాలుగు శాతం సంగతి వకుళాదేవి గారు భయంభయంగా గుర్తుచేస్తే, దానికీ నిబంధన ఉందన్నాడు. నేర్చుకోవడంలో వెనకబడ్డ పిల్లలకు పరిహార బోధన ఉన్నట్టే, మరచిపోవడంలో వెనకబడ్డ పిల్లలకూ పరిహార బోధన చేయవలెను. రోజూ బడి వదిలాక ఒక గంట, లెక్కల మాస్టారి దగ్గర, ఆ పిల్ల పూర్తిగా మరచిపోయేవరకు. ఈ తరగతికి యాప్‌లో గడి లేదు గనుక లక్ష్యాలూ ఫొటోలూ అక్కర్లేదు. వారానికొకసారి మరచిపోయినవారి శాతం కాగితం మీద పంపితే చాలు.

సోమవారం సాయంత్రం దానియేలు మాస్టారు డస్టరు తీసుకుని బోర్డు తుడిచాడు. జూలై తర్వాత ఆ బోర్డు నల్లగా కనబడడం అదే మొదలు. అంకమ్మ ముందు బెంచీలోకి మారి కూర్చుంది. అలవాటు కొద్దీ ఎడమ మూల చూస్తూ, లక్ష్యం ఏం రాసుకోమంటారు సార్ అని అడిగింది. ఏమీ వద్దు, లెక్క రాసుకో అన్నాడు మాస్టారు. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు, నడుం వంచకుండా, ఒక వర్గసమీకరణం రాశాడు.

అది సగంలో ఉండగా గుమ్మంలో ఖాదర్‌వలీ కనబడ్డాడు.

"సార్, నాక్కూడా మళ్లీ గుర్తొస్తంది. పోవట్లేదు."

వాడి వెనక మిగతా ఇరవై ముగ్గురూ ఉన్నారు. అందరికీ ఒకేసారి గుర్తొచ్చిందట. మాస్టారు వకుళాదేవి గారి గదికి వెళ్లి సంగతి చెప్పాడు. ఆవిడ ఉత్తర్వు తీసి, ఈసారి కళ్లకద్దుకోకుండా, మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"మరిచిపోవాలని ఉంది గానీ, మళ్లీ గుర్తురాకూడదని ఎక్కడా లేదండీ" అన్నారు. పాతిక పేర్లూ పరిహార తరగతి రిజిస్టరులో తానే రాసి, కింద సంతకం పెట్టారు. ముప్పై నాలుగేళ్లలో ఆవిడ చదివి పెట్టిన సంతకం బహుశా అదే మొదటిది.

ఆ గంట అలా నడిచింది. వారం తిరిగేసరికి ఆఫీసుకు కాగితం పంపవలసి వచ్చింది. మరచిపోయినవారి శాతం సున్నా. ఆఫీసు విచారం వ్యక్తం చేసి, గంటను రెండు గంటలు చేసింది. రెండో వారమూ సున్నాయే. ఆదివారాలు కూడా తరగతి పెట్టవలెనని ఉత్తర్వు వచ్చింది. మూడో వారమూ సున్నాయే వచ్చేసరికి, పబ్లిక్ పరీక్షల ముందురోజు వరకు ఏ ఇతర పనీ అప్పగించక లెక్కల మాస్టారిని ఈ పిల్లలకే కేటాయించవలెనని రాశారు. తూమాటివారిపాలెంలో లెక్కలు అంత జోరుగా ఎప్పుడూ జరగలేదని ఊళ్లో అనుకున్నారు. వెంకాయమ్మ షెడ్డు నుంచి ఇంటికి పోతూ రోజూ కిటికీ దగ్గర కాసేపు ఆగేది, లోపల తన కూతురు బోర్డు దగ్గర నిలబడి ఉండేది.

వారం వారం ఆ కాగితం నింపే పని అంకమ్మదే. శాతం గడి దగ్గరికి రాగానే పెన్ను సరిచేసుకుని, నాలుక కాస్త బయటపెట్టి, ఎక్కడా వంకర పోకుండా గుండ్రంగా సున్నా వేసేది. ఎనిమిదేళ్లు ఇతరులు వేస్తే ఇంటికి తెచ్చుకున్న సున్నాయే అది. ఇప్పుడు తన చేత్తో వేసి ఆఫీసుకు పంపుతోంది. దానికి కళ్లూ మీసమూ పెట్టడం మాత్రం మానేసింది.